రాత్రి రెండు గంటల తాగుడు

ఆకివీడు దగ్గర లీజుకి తీసుకున్న రొయ్యల చెరువులు మావి. తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుంటూ రాత్రంతా చెరువు గట్టు మీది మకాంలో కూర్చోవాలి. నా తాగుడు అక్కడే మొదలైంది. ముందు వారానికి రెండుసార్లు, అదీ క్వార్టరు. తెల్లమచ్చ వైరస్ తగిలి ఒక పంట మొత్తం పోయాక రోజూ, పగలు కూడా.

మానడానికి ముందు జరిగిన రెండు ప్రయత్నాలూ చెత్తవే. మా బావమరిది ఎవరో చెప్పారని ఏదో మాత్ర తెచ్చి, నాకు తెలియకుండా కూరలో కలిపించాడు. ఆ సాయంత్రం పెళ్లిలో రెండు పెగ్గులు వేశానో లేదో మొహం కందగడ్డయిపోయి, గుండె దడదడలాడి, ఒకటే వాంతులు. అది డైసల్ఫిరామ్ అయ్యుంటుందని తర్వాత డాక్టరుగారు అన్నారు. అది వేసుకుని తాగితే అసిటాల్డిహైడ్ అనే విషం ఒంట్లో పేరుకుపోతుందట, బీపీ పడిపోయి ప్రాణం మీదకి కూడా రావచ్చట. మనిషికి చెప్పి, డాక్టరు చూస్తుండగా వాడాల్సిన మందు అది.

రెండోది నా పౌరుషం. మగాడన్నాక మాటంటే మాటే అని ఒక సోమవారం టక్కున ఆపేశాను. మంగళవారం రాత్రికి చేతులు వణుకు, చెమటలు, తెల్లారేలోపు ఫిట్స్ వచ్చి గట్టు మీద పడిపోయాను. కాపలా కుర్రాడు చూడబట్టి సరిపోయింది గానీ ఇంకో అడుగు పక్కకి పడితే నీళ్లలోనే పోయేవాణ్ణి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపకూడదని, డాక్టరు చేతిలో ఉండి ఆపాలని నాకు అప్పటిదాకా తెలీదు.

తర్వాత రాజమండ్రిలో ఆసుపత్రిలో పది రోజులున్నాను. లిబ్రియం మాత్రలు రోజురోజుకీ తగ్గిస్తూ, బి1 ఇంజెక్షన్లు ఇస్తూ వణుకు పోగొట్టారు. చుట్టాలకి మాత్రం షుగర్‌కి చూపిస్తున్నామని చెప్పాం. ఇక అయిపోయిందనుకుంటే, అసలు పని ఇప్పుడే అంటూ కౌన్సెలింగ్‌కి పంపారు. నాకంటే పదేళ్లు చిన్నదైన మేడం. నీతులు చెబుతుందని సిద్ధపడి వెళితే, "తాగితే మీకు ఏం బాగుంటుందండీ?" అని అడిగింది. నా జన్మలో ఎవరూ అడగని ప్రశ్న. "కంపెనీ కోసమండీ" అన్నాను. "మకాంలో కంపెనీ ఎవరుంటారండీ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఒక పుస్తకం పెట్టమంది. తాగాలనిపించిన ప్రతిసారీ టైము, అంతకుముందు ఏం జరిగింది, మనసులో ఏం మెదిలింది, అంతే. చిన్నపిల్లల హోంవర్కులా ఉందని విసుక్కుంటూనే రాశాను. రెండు వారాల తర్వాత ఇద్దరం కలిసి చూస్తే సగానికి పైగా రాత్రి ఒంటిగంటన్నరకీ మూడింటికీ మధ్యే. పోయిన పంట గుర్తొచ్చే టైము అది. అప్పు ఎంతో ఇంట్లో చెప్పలేదు, ఆ అంకె ఒక్కణ్ణీ మోస్తున్నాను. మా నాన్నా అంతే, ఏదీ పైకి చెప్పేవాడు కాదు, తాగి పడుకునేవాడు. 1995లో మద్యనిషేధం వచ్చినప్పుడు మా అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది, 1997లో ఎత్తేసేదాకా ఆయన మాత్రం ఎక్కడో ఒకచోట తెచ్చుకుని తాగుతూనే ఉన్నాడు. ఇది చెబుతుంటే ఏడుపొచ్చింది. నలభై నాలుగేళ్లవాణ్ణి, మేడం ముందు తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

తాగాలనే యావ గురించి మేడం చెప్పింది నాకు ఉప్పుటేరు చూసినట్టే అర్థమైంది. పోటొస్తుంది, నిండుతుంది, మళ్లీ తీస్తుంది, ఎదురీదక్కర్లేదు. చాలాసార్లు అరగంటలోపే తగ్గిపోతుంది. ఫోన్‌లో ఇరవై నిమిషాలకి అలారం పెట్టి గట్టు చుట్టూ తిరిగేవాణ్ణి, ఏరేటర్లు లెక్కపెట్టుకుంటూ. ఓ రాత్రి అదీ పనిచేయక 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడారు.

నాలుగో సెషన్‌కి మా ఆవిణ్ణి తీసుకురమ్మంది. అప్పు అంకె అక్కడ చెప్పాను. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. బయటికొచ్చాక బస్టాండులో, "ఇంతకంటే ఎక్కువే అనుకున్నాను" అంది.

సంక్రాంతికి కోడిపందేల బరిలో జారాను. రెండు గ్లాసులు. సిగ్గుతో ఒక అపాయింట్‌మెంట్ ఎగ్గొట్టి, తర్వాత వెళ్లి చెప్పాను. తిడుతుందనుకుంటే, "మూడో గ్లాసు ఎలా ఆపారు?" అని అడిగి అదే గంటసేపు తవ్వింది. ఆలోచిస్తే, బావమరిదికి ఫోన్ చేసి బండి తెమ్మన్నాను. అవును, ఆ మాత్ర బావమరిదే! ఇప్పుడు పండగలకి వాడూ నాతో సోడాయే తాగుతున్నాడు.

పదకొండు నెలలైంది. రెండింటికి ఇప్పటికీ మెలకువే, చెరువులున్నంతకాలం తప్పదు. తాగాలనే యావ తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్ర ఇంకా రాస్తున్నారు, సెషన్లు నెలకొకటి చేశారు. మా అన్నయ్య దగ్గర తీసుకున్న డబ్బు సంగతి మాత్రం ఇంకా తేల్చలేదు, వచ్చే నెల పుస్తకంలో మొదటి పేజీ అదే.