"కుదరదమ్మా" అన్న ఆమె

ఆదివారం, రాత్రి 10.30

పాప నిద్రపోయింది. పడుకోబోతూ, నేను అడగకముందే "కడుపు బాగానే ఉందమ్మా" అని చెప్పింది. 11 ఏళ్ళ పిల్ల రోజూ ఇలా లెక్క అప్పజెప్పి పడుకోవడం నాకు బాధగా ఉంటుంది. అయినా ఆ మాట వినేదాకా నాకు నిద్ర పట్టదు.

మా ఆడపడుచు పిల్లలతో అనంతపురం నుంచి వచ్చింది. సాయంత్రం అందరం కొండారెడ్డి బురుజు చూసి వస్తుంటే, కొత్తగా తెరిచిన ఒక హోటల్ ముందు పాప ఆగిపోయింది. "చిరుధాన్యాల వంటకాలు, గ్లూటెన్ రహితం" అన్న బోర్డు పైకి చదివి నా చెయ్యి పట్టుకుని లాగింది. గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ లాంటి వాటిలో ఉండే ఒక ప్రోటీన్. మూడేళ్ళ కిందట ఆ మాట మా ఇంట్లోనే ఎవరికీ తెలియదు. ఇప్పుడు నడివీధిలో, అంతంత అక్షరాలతో! దాని ముఖం చూస్తే నాకూ ఆశ పుట్టింది.

రాగి దోశ పిండిలో ఏమేమి కలుపుతారని వడ్డించే అబ్బాయిని అడిగాను.

"అంతా ఆరోగ్యమే మేడమ్. డైటింగు చేస్తున్నారా?"

డైటింగు కాదు బాబూ, పాపకు సీలియాక్ జబ్బు, గోధుమ, మైదా, బార్లీ నలుసంత పడినా పేగు దెబ్బతింటుందని చెప్పాను. "కొంచెం తగిలితే ఏమీ కాదు మేడమ్" అన్నాడు. మర్యాద తెలిసిన పిల్లవాడే. సన్నబడాలని గోధుమ మానేసినవాళ్ళను రోజూ చూస్తుంటాడు. వాళ్ళకు కొంచెం తగిలితే నిజంగానే ఏమీ కాదు. బోర్డు పెట్టించింది వాళ్ళే, కాబట్టి జాగ్రత్త కూడా వాళ్ళకు సరిపడేంతే ఉంది.

వంటగదిలోకి వెళ్ళి చూస్తానన్నాను. మా ఆయనకు మొహమాటం, నాకు అది ఎప్పుడో పోయింది. కరకరలాడడానికి రాగి పిండిలో మైదా కలుపుతామని వంటమాస్టరు దాచకుండా చెప్పాడు. రవ్వ దోశ, రాగి దోశ ఒకే పెనం మీద, ఒకే అట్లకాడతో. పోనీ ఇడ్లీ పెట్టిద్దామంటే సాంబారులో ఇంగువ. డబ్బా తిప్పి చూస్తే పదార్థాల వరుసలో గోధుమపిండి ఉంది. మనం కొనే పొడి ఇంగువలో చాలా రకాలకు పిండి కలిసి ఉంటుందని నాకూ పాపకు జబ్బు వచ్చాకే తెలిసింది. మన దేశంలో ప్యాకెట్ మీద గ్లూటెన్ రహితమని వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. కిలోకు 20 మిల్లీగ్రాములు! ఆ వంటగదిలో గాలికి ఎగిరే మైదాయే అంతకు మించి ఉంటుంది.

పాప ఏమీ అనలేదు. సంచిలోంచి తన డబ్బా తీసుకుంది. పెరుగన్నం, చెనిక్కాయల పొడి. బయటి తిండి ఇక్కడ తినకూడదని మరొకతను వచ్చి చెప్పాడు. అప్పుడు మాత్రం మొహమాటస్థుడైన మా ఆయనే లేచి నిలబడి మాట్లాడారు. ఆడపడుచు చిన్నకొడుకు, ఎనిమిదేళ్ళవాడు, పూరీ సగంలో వదిలేసి వెళ్ళి చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చాడు. "ఇప్పుడు నీ డబ్బాలో చెయ్యి పెట్టొచ్చా అక్కా?" అన్నాడు. వాడికి ఎవరు నేర్పారో తెలియదు. ఇద్దరూ కలిసి తిన్నారు.

"నేనూ గోధుమ మానేద్దామనుకుంటున్నాను వదినా, తింటే కడుపు ఉబ్బుతోంది" అంది ఆడపడుచు. గట్టిగానే చెప్పాను: మానకముందే రక్తపరీక్ష చేయించు. మానేసి వెళితే జబ్బు ఉన్నా పరీక్షలో దొరక్కపోవచ్చు. పాపకు దొరకడానికే రెండేళ్ళు పట్టింది. ఎదుగుదల లేదు, ఎన్ని ఐరన్ మాత్రలు మింగించినా రక్తం పట్టలేదు, నులిపురుగుల మందు ఎన్నిసార్లు వేశామో. ఉత్తరాదితో పోలిస్తే మన వైపు ఈ జబ్బు చాలా తక్కువ, అందుకే ఎవరికీ తట్టలేదు. చివరికి రక్తపరీక్షలో అనుమానం వచ్చి, గొట్టం వేసి పేగు ముక్క తీసి చూస్తే, లోపలి గోడకు నూగులా ఉండవలసిన పోగులు అరిగి చదునైపోయాయని తేలింది. తిన్నది ఒంటికి పట్టేది ఆ పోగుల వల్లనే. దీనికి మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ ముట్టకపోవడమే వైద్యం.

ఇంటికి వస్తుంటే సందు మొదట్లో ఒక పెద్దామె జొన్నరొట్టెలు తడుతోంది. జొన్న అంటే మన నేల పంట, దాంట్లో గ్లూటెన్ ఉండదు. పాప నా వైపు చూసింది. వెళ్ళి అడిగాను. జబ్బు పేరు చెప్పలేదు, గోధుమ తగిలితే పిల్లకు పడదని మాత్రం అన్నాను. ఆమె చేతులు ఆపి పాపను ఎగాదిగా చూసింది.

"కుదరదమ్మా. రొట్టె విరగకుండా గుప్పెడు గోధుమపిండి కలుపుతాను. ఈ పెనం మీదే చపాతీలు కాలుస్తాను. పిల్లకు పెట్టొద్దు."

మూడేళ్ళలో బయట నేను విన్న మాటల్లో ఇంత ఊరట ఇచ్చినది మరొకటి లేదు. అమ్ముకునే మనిషి, వద్దంది. వెనుదిరుగుతుంటే మళ్ళీ పిలిచింది. "మీ పిండి మీరు తెచ్చుకోండి. పొయ్యి వెలిగించగానే వస్తే, పెనం తోమి మొదటి రొట్టె పాపకే చేస్తాను." పెనం కూడా మాదే తెస్తామన్నాను. నవ్వి సరేనంది. బుధవారం సాయంత్రం వెళుతున్నాము.

ఊళ్ళో పిండిమరలో గోధుమలు ఆడుతారు కాబట్టి ఇంట్లోనే చిన్న మర పెట్టుకున్నాము. రెండు కిలోల జొన్నలు చేటలో పోసుకుని ఇప్పటిదాకా ఏరాను. రెండు గోధుమ గింజలు కనిపించాయి. మా ఆయనను పిలిచి, ఇద్దరం కూర్చుని మళ్ళీ మొదటినుంచి ఏరాము.