బిషప్ గారి మేనల్లుడు

ఓల్ష్టిన్‌లో బస్సెక్కేసరికే వాన పట్టుకుంది. మే నెలే కదా అని పల్చటి స్వెట్టర్ ఒక్కటే తెచ్చుకున్నాను. మా అబ్బాయి చెబుతూనే ఉన్నాడు, విన్లేదు. వాడు వార్సాలో ఉద్యోగం చేస్తాడు. పోలండ్ వచ్చి కోపర్నికస్ ఊళ్ళు చూడకుండా వెళ్తే ఎలా అని వాడే బయల్దేరదీశాడు.

45 కిలోమీటర్ల దూరంలో లిడ్జ్‌బార్క్. వినా నది ఒడ్డున ఎర్ర ఇటుకల కోట. లోపలి ముంగిట్లో నిలబడితే నాలుగువైపులా రెండంతస్తుల వసారాలు, ఒకదానిమీద ఒకటి కమానులు. వాన నీళ్ళు ఇటుకల మీద జారుతుంటే కొత్త కుండ వాసన వచ్చింది.

కోపర్నికస్ మేనమామ లూకాస్ వాట్సెన్‌రోడె ఉన్నది ఈ కోటలోనే. 1489లో వార్మియాకి బిషప్ అయ్యాడు. బిషప్ అంటే ప్రార్థనలు చేయించే ఫాదర్ మాత్రమే కాదు, ఆ చిన్న సీమకి దొర కూడా. ఒకవైపు పోలండ్ రాజు, మరోవైపు ట్యుటానిక్ వీరులనే జర్మన్ మత సైనికులు. ఇద్దరి మధ్యా నెట్టుకొచ్చాడు. ఆయన నవ్వగా ఎవరూ చూడలేదని చెప్పుకుంటారు.

అలాంటి మనిషి మేనల్లుళ్ళ దగ్గర మాత్రం చేతికి ఎముక లేనట్టే ఖర్చుపెట్టాడు. నికోలస్ కోపర్నికస్‌కి పదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. నలుగురు పిల్లల్లో అతనే చిన్నవాడు. మామ చదివించిన చదువులు చూడండి: క్రాకోవ్, బొలోన్యా, పాదువా, చివరికి 1503లో ఫెరారాలో చర్చి న్యాయశాస్త్రంలో డాక్టరేటు. మధ్యలో 1497లో ఫ్రోంబోర్క్ చర్చిలో కానన్ పదవి, అంటే చర్చి వ్యవహారాలు చూసే మండలిలో చోటు, కూడా వేయించాడు. మన భాషలో చెప్పాలంటే పైరవీ. కానీ ఆ జీతం బతికినన్నాళ్ళూ వచ్చింది. నక్షత్రాలు చూస్తూ కూర్చుంటే తిండి ఎవరు పెడతారు?

ఇటలీ నుంచి తిరిగొచ్చాక ఏడేళ్ళదాకా మామకి వైద్యుడూ, కార్యదర్శీ అతనే. 1509లో గ్రీకు ఉత్తరాలు కొన్ని లాటిన్‌లోకి అనువదించి అచ్చేయించి, మామకే అంకితమిచ్చాడు.

గదుల దగ్గర కూర్చున్న పెద్దావిడ మాతో ఏదో చెబుతూ పదేపదే "వుయ్, వుయ్" అంది. మావాడు నవ్వాడు.

"అమ్మా, వీళ్ళకీ మనలాగే వేరు వేరు మాటలు. వుయ్ అంటే మావయ్య, స్ట్రియ్ అంటే బాబాయి. ఇప్పుడు ఇద్దర్నీ వుయెక్ అనేస్తున్నారట."

ఆ మాటతో ఈ కథ నాకు మనింటి కథైపోయింది. వీడి ఎమ్మెస్ ఫీజు సగం కట్టింది తెనాలిలో ఉన్న మా తమ్ముడే.

తన తర్వాత ఆ గద్దె మీద మేనల్లుణ్ణి కూర్చోబెట్టాలని బిషప్ గారు అనుకున్నాడంటారు. అల్లుడు మాత్రం 1510 ప్రాంతంలో కోట వదిలి ఫ్రోంబోర్క్‌కి వెళ్ళిపోయాడు. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న ఆలోచన అప్పటికే బుర్రలో పడి ఉండాలి, 1514 కల్లా దాని చిన్న రాతప్రతి చేతులు మారుతోంది మరి. ఆ రెండు ముక్కలూ మామ చెవిన వేశాడో లేదో! క్రాకోవ్‌లో రాజుగారి పెళ్ళికి వెళ్ళొస్తూ దారిలో జబ్బుపడి, 1512 మార్చి 29న పుట్టిన ఊరు టొరూన్‌లోనే మామ కన్నుమూశాడు.

మర్నాడు ఫ్రోంబోర్క్. గుట్టమీద ఇటుకల కతీడ్రల్, కింద ఉప్పుటేరులా పరుచుకున్న విస్తులా జలాలు, పైన పొగమంచు. విస్తులా నది ఆవిర్లతో ఇక్కడ బుధుణ్ణి చూడ్డం కష్టమని కోపర్నికస్ తన పుస్తకంలో వాపోయాడు. ఆ పొద్దు నాకు ఎదురుగా ఉన్న గంటస్తంభమే సరిగా కనబడలేదు.

లోపల కోపర్నికస్ సమాధి మీద నల్లగ్రానైట్ రాయి, దానిమీద బంగారు సూర్యుడు, చుట్టూ ఆరు గ్రహాలు. 2005లో దొరికిన ఎముకల్ని, స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉన్న ఆయన పుస్తకంలో చిక్కుకున్న వెంట్రుకలతో పోల్చి ఆయనవేనని నిర్ధారించి, 2010లో మళ్ళీ ఇక్కడే ఖననం చేశారు. జనమంతా ఆ రాయి దగ్గరే ఫొటోలు. మామని కూడా ఈ చర్చిలోనే పూడ్చారు, ఆయన్ని అడిగినవాళ్ళు కనబళ్ళేదు.

మావాడు ఫొటో తీసి మావయ్యకి పంపాడు. నిమిషంలో జవాబొచ్చింది: "అక్కకి స్వెట్టర్ సరిపోయిందా?"