పది సెకన్ల కాగితం

"ఈసీజీ నార్మల్‌గానే ఉంది ఆంటీ. గ్యాస్ అయ్యుంటుంది. టెన్షన్ తగ్గించుకోండి."

గుండె దడగా ఉందని వెళ్తే, బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి దగ్గరి ఆసుపత్రిలో కుర్ర డాక్టరు నా మొహం కూడా చూడకుండా అన్నాడు. కాగితం పైన కంప్యూటరే నార్మల్ అని అచ్చేసింది మరి. పక్కనుంచి మా ఆయన, "చెప్పానా, నీకు భయం ఎక్కువ" అన్నారు. ఆ మాట నేనింకా మర్చిపోలేదు.

ఆ కాగితంలో ఉండేది పది సెకన్ల గుండేనని తర్వాత తెలిసింది. దడ వచ్చి పోయాక తీస్తే ఏం దొరుకుతుంది?

మూడు నెలలు గ్యాస్ మాత్రలు మింగాను. చివరికి మా అబ్బాయి ఇంకోచోటికి తీసుకెళ్తే 24 గంటల హోల్టర్ పెట్టారు, రోజంతా గుండె దెబ్బలు రాసుకునే యంత్రం. ఛాతీ మీద స్టిక్కర్లు, నడుముకు చిన్న పెట్టె. దడొస్తే టైము రాసుకోమన్నారు.

ఆ రాత్రి 2.40కి మెలకువ వచ్చింది. బుట్ట కింద మూసిన కోడి రెక్కలు కొట్టుకున్నట్టు ఉంది లోపల. మణికట్టు పట్టుకుని చూశాను. రెండు దెబ్బలు, ఆగింది. గబగబా ఐదు. మళ్లీ ఆగింది. ఆగినప్పుడల్లా ఇక అయిపోయిందనుకున్నాను. పక్కన ఆయన గురక మాత్రం తాళం తప్పడం లేదు. లేపలేదు, మళ్లీ ఆ మాట పడలేక. వంటింట్లోకి వెళ్లి క్యాలెండర్ కాగితం చింపి వెనక "2.40, దడ" అని రాశాను. అక్షరాలు వంకర్లు పోయాయి.

రిపోర్టులో లక్ష పైచిలుకు దెబ్బలు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎడం ఎంతో కంప్యూటర్ కొలుస్తుందట. మామూలు గుండెలో ఆ ఎడాలు దాదాపు సమానం. నాకున్నది ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పే జబ్బు. అందులో వాటికి లెక్కాపత్రం ఉండదు, ఈసీజీలో ప్రతి దెబ్బకీ పడే నిలువు గీతకు ముందుండే చిన్న బుడిపె కూడా కనిపించదు. అంత తెలివైన కంప్యూటరూ నా 2.40ని వైరు కదిలిందనుకుని పక్కన పడేసింది! నా చీటీ చూసి టెక్నీషియన్ అమ్మాయే ఆ ముక్క వెతికి పట్టుకుంది. నలభై నిమిషాలు. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

గుండె పై గదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం. ఈ జబ్బుంటే ఆ ముప్పు దాదాపు ఐదు రెట్లట. నాకు బీపీ, షుగరు కూడా ఉన్నాయి కాబట్టి గడ్డకట్టకుండా మాత్ర, రోజుకు రెండుసార్లు. ఆ మూడు నెలల్లో నాకేమైనా అయ్యుంటే? గ్యాసేనని ఎవరికి చెప్పేవాడు ఆ కుర్ర డాక్టరు?

దడొస్తే టైము రాయండమ్మా, ఇంట్లోవాళ్లు నవ్వినా సరే.

అలిపిరి 3,550 మెట్లూ ఎక్కుతానని ఆ రాత్రే మొక్కుకున్నాను. డాక్టరమ్మ ఇప్పుడే వద్దన్నారు. "నీ బదులు నేనెక్కుతాలే" అంటున్నారు మా ఆయన.

"మొక్కింది నేను. మీరు సంచి మోయండి చాలు" అన్నాను.