కరెంటు తీగల మీదుగా మేడ గదికి ఇంటర్నెట్

మా ఇంటి కింది అంతస్తును నాన్నగారు 1994లో కట్టించారు. మేడ మీది రెండు గదులు పదిహేనేళ్ల తరువాత వేరే మేస్త్రీ, వేరే ఎలక్ట్రీషియన్ చేతుల మీదుగా లేచాయి. ఈ సంగతికీ ఇంటర్నెట్ వేగానికీ సంబంధం ఉంటుందని మొన్నటి వేసవి దాకా నాకు తెలియదు.

ఫైబర్ కనెక్షన్, దాని రౌటర్ హాల్లో వీధి తలుపు పక్కన ఉన్నాయి. నేను పని చేసుకొనే గది మేడ మీద, ఇంటికి వెనుక వైపున ఉంది. మేము తీసుకున్నది 100 ఎంబీపీఎస్ ప్లాను. రౌటర్ పక్కన కూర్చుంటే ఆ వేగం నిజంగానే వస్తుంది. మేడ గదికి చేరేసరికి అది 6, 7కు పడిపోయేది. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఇనుప చువ్వలున్న స్లాబును దాటలేక కిందే ఆగిపోతుంది, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై దాటి వచ్చినా చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ అదే దారిలో ఉంటాయి. మెట్ల మలుపులో ఒక రిపీటర్ పెట్టి చూశాను. అది ఒకే ఛానెల్ మీద వినడం, విన్నదాన్ని మళ్లీ చెప్పడం అనే రెండు పనులూ చేయాలి కనుక వేగం సగానికి సగం అక్కడే కరిగిపోయింది. లాన్ కేబుల్ లాగడమే అన్నిటికన్నా మంచి మార్గమని ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ గోడలోని పైపుల్లో చోటు లేదు, కొత్తగా రంగులు వేసిన గోడకు రంధ్రం పెట్టడానికి నాన్నగారు ఒప్పుకోలేదు.

అందుకని పవర్‌లైన్ అడాప్టర్ల జత కొన్నాను. ఒకదాన్ని రౌటర్ దగ్గరి సాకెట్‌లో పెట్టి చిన్న లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలపాలి, రెండోదాన్ని మేడ గది సాకెట్‌లో పెట్టి కంప్యూటర్‌కు కలపాలి. మధ్యలో గోడలో ఉన్న కరెంటు తీగే లాన్ కేబుల్ పని చేస్తుంది. మన ఇళ్లలోని 230 వోల్టుల కరెంటు 50 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. అడాప్టర్లు పంపే సంకేతం 2 మెగాహెర్ట్జ్ పైన, అంటే సెకనుకు 20 లక్షల ఆవృత్తుల పైన ఉంటుంది కనుక రెండూ ఒకే తీగలో ఒకదానికొకటి అడ్డు రాకుండా సాగిపోతాయి. పెట్టె మీద 600 ఎంబీపీఎస్ అని ఉంది. ఆ అంకెను నమ్మి కొనవద్దు. అది రెండు దిశలనూ కలిపి, తీగ ఏ మచ్చా లేకుండా ఉంటే సాధ్యమయ్యే గరిష్ఠం. నేను కొన్న అడాప్టర్‌కు ఉన్న లాన్ పోర్టే 100 ఎంబీపీఎస్‌ది.

మొదటి రోజు వచ్చింది 9. తప్పు నాదే: రౌటర్ పక్కన ఖాళీ సాకెట్ లేదని అడాప్టర్‌ను స్పైక్ గార్డుకు తగిలించాను. స్పైక్ గార్డులోని ఫిల్టర్ ఉన్నదే కరెంటులోని అధిక పౌనఃపున్యపు రొదను మింగడానికి. దాని దృష్టిలో నా ఇంటర్నెట్ కూడా రొదే. గోడ సాకెట్‌కు మార్చగానే 30 దాటింది. అంతకు మించి కదలలేదు.

అసలు కిటుకు కరెంటు పోయిన రోజు తెలిసింది. మాది త్రీ ఫేజు మీటరు, అంటే ఇంటికి కరెంటు మూడు వేర్వేరు ఫేజు తీగల మీద వస్తుంది. ఒక సాయంత్రం ఒక ఫేజు పోయి మేడ మీద మాత్రమే చీకటయితే, నాన్నగారు అలవాటు ప్రకారం ఫేజ్ సెలెక్టర్ స్విచ్చును తిప్పి మేడను వేరే ఫేజు మీదికి మార్చారు. లైట్లు వెలిగాయి, కాసేపటికి చూస్తే మేడ గదిలో నెట్ వేగం 58! హాలు, మేడ గది అంతవరకు వేర్వేరు ఫేజుల మీద ఉన్నాయన్నమాట. అలా ఉన్నప్పుడు సంకేతం ఒక ఫేజు తీగ నుంచి మరొకదానికి, బోర్డులో పక్కపక్కనే సాగే తీగల మధ్య ఎంత సోకితే అంత, అరకొరగా చేరుతుంది. మరునాడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, లోడు సరిచూసుకొని, మేడ గది సాకెట్లను హాలున్న ఫేజుకే శాశ్వతంగా కలిపించాను. ఏసీ ఉన్న గది సాకెట్లను ఇలా మార్చాలంటే మాత్రం లోడు లెక్క తప్పనిసరి. ఇది సొంతంగా స్క్రూ డ్రైవర్ పట్టుకొని చేసే పని కాదు.

కొనేముందు ప్లగ్ ఎన్ని పిన్నులదో కూడా చూడండి. ఏవీ2 (పవర్‌లైన్ అడాప్టర్ల ప్రమాణాల్లో ఒకటి) రకంలో కొన్ని అడాప్టర్లు ఎర్త్ వైరును కూడా వాడుకొని వేగం పెంచుకుంటాయి. రెండు పిన్నుల ప్లగ్‌కు ఆ అవకాశం ఉండదు, మూడు పిన్నులున్నా పాత ఇళ్లలో మూడో రంధ్రం చాలాచోట్ల అలంకారానికే ఉంటుంది.

ఇప్పుడు నాకు మామూలుగా 55 నుంచి 60 మధ్య వస్తుంది. ఉదయం వంటింట్లో పచ్చడి రుబ్బే అయిదు నిమిషాలు మాత్రం అది 40కి దిగుతుంది, ఎందుకంటే మిక్సీ మోటారు బ్రష్‌ల దగ్గర రేగే చిన్న నిప్పురవ్వలు తీగలోకి రొదను వదులుతాయి. వేగం కన్నా నాకు ఎక్కువ నచ్చింది నిలకడ: వీడియో కాల్‌లో మాట మధ్యలో తెగిపోవడం దాదాపు ఆగిపోయింది. రెండు అడాప్టర్ల మీదా ఉన్న పెయిర్ బటన్ నొక్కి సొంత తాళంచెవి, అంటే ఇతరులు మన సంకేతాన్ని చదవకుండా కాపాడే రహస్య కీ, పెట్టుకోవడం మరచిపోవద్దు. సంకేతం మీటరు దగ్గర కచ్చితంగా ఆగిపోతుందన్న హామీ లేదు, అద్దె ఇళ్లలోనూ అపార్టుమెంట్లలోనూ పక్కవారి దగ్గర అదే రకం అడాప్టర్ ఉండవచ్చు.

తీరని లోటు ఒకటి ఉంది. రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఉంది కాబట్టి కరెంటు పోయినా అది వెలుగుతూనే ఉంటుంది. గోడకు తగిలించిన అడాప్టర్లు ఆరిపోతాయి, మేడ మీద మళ్లీ పాత 6, 7 ఎంబీపీఎస్ వైఫైయే గతి. ఇన్వర్టర్ లైను మేడ గదికి లేదు. అది లాగడానికి ఎంతవుతుందో ఎలక్ట్రీషియన్ లెక్క వేసి చెబుతానన్నాడు.