నా పేరు ఫ్నూ కాదు: ఎస్‌ఎస్‌ఎన్ కోసం పడ్డ తిప్పలు

నిన్ననే ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్, అమెరికాలో జీతానికీ పన్నులకీ వాడే నంబర్) కార్డు పోస్టులో వచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

అమెరికాకి ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకి మొదటి ఏడాది క్యాంపస్ ఉద్యోగమే దిక్కు. క్లాసులున్నప్పుడు వారానికి 20 గంటలు, సెలవుల్లో ఫుల్‌టైమ్. లైబ్రరీ, గ్రేడర్, రీసెర్చ్ అసిస్టెంట్ అన్నిటికీ అప్లై చేశా. ముందు పిలిచింది డైనింగ్ హాల్ వాళ్లు. ఇంటర్వ్యూ అయిదు నిమిషాల్లో అయిపోయింది.

గొడవంతా పేరు దగ్గరే. నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. అప్లికేషన్ నింపిన ఏజెంటు ఇంటిపేరూ పేరూ కలిపి గివెన్ నేమ్‌లో కొట్టేసి, "ఏం కాదు సార్, అందరికీ ఇంతే" అన్నాడు మా నాన్నతో. వీసాలో ఆ పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, ఫస్ట్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని పడింది. అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదని. బారసాల చేసి, బియ్యంలో రాసి పెట్టిన పేరు తెలియదట!

డైనింగ్ హాల్ ఓరియంటేషన్‌లో మేనేజర్ బ్యాడ్జీలు పంచుతూ, ఆ ఎఫ్‌ఎన్‌యూనే పేరనుకుని "ఫ్నూ!" అన్నాడు. ఎవరూ లేవలేదు. మళ్లీ "ఫ్నూ!" నేనూ అటూ ఇటూ చూశా, ఎవరబ్బా ఈ చైనా అబ్బాయి అని. మూడోసారికి చివర మిగిలింది నేనొక్కడినే. బ్యాడ్జి తీసుకుంటుంటే చెవులు వేడెక్కాయి.

అది నవ్వుకోవచ్చు. ఎస్‌ఎస్‌ఎన్ ఆఫీసులో జరిగింది మాత్రం మర్చిపోలేను. దేశంలో దిగిన పది రోజులయ్యాక వెళ్లమన్నారు, అలాగే వెళ్లా. పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసర్) ఉత్తరం, ఉద్యోగం ఇచ్చినవాళ్ల ఉత్తరం, ఎస్‌ఎస్‌ఎన్ అప్లికేషన్ అయిన ఎస్‌ఎస్-5 ఫారం, అన్నీ ఫైల్లో వరసగా పెట్టుకున్నా. రెండు గంటలు కూర్చున్నాక నా నంబర్ వచ్చింది. కౌంటర్లో ఆమె ఒక వేలు ఐ-94 మీద, ఇంకో వేలు డైనింగ్ వాళ్ల ఉత్తరం మీద పెట్టి, "ఈ ఇద్దరిలో నువ్వెవరు?" అంది. ఉత్తరంలో ఇంటిపేరు ఎగరగొట్టేశారు! కాగితాలు అద్దం కింద నుంచి వెనక్కి వచ్చేశాయి.

ఆమెను తప్పుపట్టను. తప్పంతా ఉత్తరం ఇచ్చిన హెచ్‌ఆర్‌ది. అక్కడికి మూడుసార్లు తిరిగా. "మా సిస్టమ్‌లో అంతే వస్తుంది" అని ఒకసారి, "లంచ్ తర్వాత రా" అని ఒకసారి. పైగా నంబర్ రాకపోతే షిఫ్టు ఇవ్వం అని ఒక మెలిక. అది తప్పు. అప్లై చేసి, నంబర్ కోసం ఎదురుచూస్తూ కూడా పనిచేయొచ్చు. చివరికి మా డీఎస్‌ఓ ఫోన్ చేస్తే పది నిమిషాల్లో కొత్త ఉత్తరం వచ్చింది, దానితో మళ్లీ అప్లై చేసి ఆ రసీదు చూపించగానే షిఫ్టూ వచ్చింది. మీరు మాత్రం మొదటిరోజే డీఎస్‌ఓ దగ్గరికి వెళ్లండి. హెచ్‌ఆర్‌ని బతిమాలడం దండగ.

ఈ మధ్యలో రూమ్మేట్ ఒకడు, "గ్యాస్ స్టేషన్‌కి (పెట్రోల్ బంక్) రా, చేతికి క్యాష్ ఇస్తారు, పేరు కూడా అడగరు" అన్నాడు. అప్పుడున్న మూడ్‌కి ఆ చివరి మాట ఎంత తియ్యగా వినపడిందో! వెళ్లలేదు. క్యాంపస్ బయట పనిచేస్తూ దొరికితే స్టూడెంట్ స్టేటస్ పోతుంది. లోన్ నాన్న పేరు మీద ఉంది.

ఇంకా బయల్దేరనివాళ్లు పాస్‌పోర్టు తీసి సర్‌నేమ్ గడి చూసుకోండి. ఖాళీగా ఉంటే వీసాకి ముందే సరిచేయించుకోండి. జీతం స్లిప్ కూడా చూసుకోండి. ఎఫ్-1 వాళ్లకి మామూలుగా మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను కట్ కాకూడదు. నాకు కట్ చేశారు, అడిగి వెనక్కి తెచ్చుకున్నా. అడగడంలో ఇప్పుడు నా అంత గట్టివాడు మా బ్యాచ్‌లో లేడు.

కార్డు మీద నా పేరు పూర్తిగా ఉంది. కొత్త బ్యాడ్జి ఇంకా రాలేదు. నిన్న రాత్రి షిఫ్టులో ట్రేలు అయిపోతే వెనక నుంచి "ఫ్నూ!" అని కేక. మొదటి కేకకే తిరిగి చూశా.