కటా వదిలి కుమితేకి

బెంగళూరు మారతహళ్ళిలో నేను కరాటే నేర్చుకున్న చోట ఆడపిల్లలకు కటా (ఒంటరిగా గాలిలో చేసే కదలికల వరుస), మగపిల్లలకు కుమితే (ఎదుటి మనిషితో పోరు). ఎవరూ రాసిపెట్టని రూలు. బ్లాక్ బెల్టు వచ్చాక కుమితే ఆడతానంటే అమ్మ ఒక్కటే మాట: "ముక్కు పగిలితే ఎవరు చేసుకుంటారే నిన్ను?" అనంతపురం వదిలి ఇన్నేళ్ళైనా ఆ భయం ఇంకా బస్సు దిగలేదు.

నిజానికి అక్కడ ముక్కు పగలగొట్టిన వాళ్ళకే నష్టం. మొహం మీదికి వెళ్ళిన గుద్దు తాకీ తాకనట్టు ఆగాలి, గట్టిగా తగిలితే పాయింటు పోయి పెనాల్టీ పడుతుంది. కటాలో గాలిని పూర్తి బలంతో కొట్టడం అలవాటైన చేతికి ఆగడం నేర్పడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. గుద్దుకు 1, పొట్ట మీద తన్నుకు 2, తలకు తగిలిన తన్నుకు 3 పాయింట్లు. నాది పొట్టి కాలు, అందుకని గ్యాకుజుకి (వెనక చేత్తో గుద్దే గుద్దు) మీదే బతుకు. ఎదుటి మనిషికి ఏమీ రాకముందే మొదటి పాయింటు తీసుకుంటే సెన్షు, అంటే ముందు కొట్టిన ఆధిక్యం, మనది, స్కోరు సమమైతే గెలుపూ మనదే. "ముందు నువ్వు తీస్కో, తర్వాత కాపాడుకో" అని సార్ రోజూ చెవిలో పోరేవారు.

బరువు వేరే కథ. సీనియర్ ఆడవాళ్ళకు 50, 55, 61, 68 కిలోల లోపు, ఆపైన ఇంకోటి. నేను 55కి కాస్త పైన. 61లో ఆడితే అందరూ నాకన్నా జానెడు పొడుగు! రాత్రి అన్నం మానేశా, స్కిప్పింగ్ పెంచా. అయినా నెలసరి దగ్గరపడితే ఒంట్లో నీరు చేరి ముల్లు పైకి పోయేది. ఆ సంగతి సార్‌తో చెప్పడానికే చాలాకాలం పట్టింది. చెప్పాక ఆయన తేదీలు చూసి ప్లాను మార్చారు, అంతే. తెల్ల డ్రస్సు బాధ మాత్రం ఎవరూ తీర్చలేరు.

కొత్తగా చేరే పిల్లలకు ఒకటి చెప్తా: కల్యాణ మండపంలో జరిగే ప్రతి 'నేషనల్' నేషనల్ కాదు. 2020లో అప్పటి జాతీయ కరాటే సంఘానికే భారత ఒలింపిక్ సంఘం గుర్తింపు తీసేసింది. ఫీజు కట్టే ముందు, స్పోర్ట్స్ కోటాకి ఆ సర్టిఫికెట్ చెల్లుతుందా అని అడగండి.

చుట్టాలు ఒలింపిక్స్ ఎప్పుడంటారు. కరాటేని టోక్యోలో పెట్టారు, పారిస్‌లో తీసేశారు. ఆసియా క్రీడల్లో మాత్రం 1994 నుంచి ఉంది. నేనింకా రాష్ట్ర జట్టు దగ్గరే ఉన్నా. వచ్చే పోటీ ఉత్తరాదిలో. రైల్లో రెండు రాత్రులు 55 దాటకుండా ఏం తినాలా అని ఇప్పుడు లెక్కలేస్తున్నా.