వనరాజా పెట్టపిల్లలను గుడ్ల దాకా పెంచాం

ఎంత మేత వేసినా పెట్టలు ఎదగడం లేదని పెరట్లో కోళ్లు పెంచేవాళ్లు చాలామంది బాధపడుతుంటారు. మాది జనగామ దగ్గర పల్లె. 30 వనరాజా జాతి కోడిపిల్లలను ఒక రోజు వయసులో తెచ్చి గుడ్లు పెట్టే దాకా పెంచాక నాకు ఒక విషయం గట్టిగా తెలిసింది. పెట్ట ఒంటికి పునాది పడేది మొదటి ఆరు వారాల్లోనే. అప్పుడు మాంసకృత్తులు అందకపోతే, తర్వాత ఎన్ని గింజలు చల్లినా కొవ్వు పడుతుంది కానీ ఆ లోటు పూర్తిగా పూడదు.

వనరాజాను రూపొందించింది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ. రంగురంగుల ఈకలతో నాటుకోడిలాగే కనిపిస్తుంది, కానీ పొదగడానికి కూర్చోదు. అందుకే పిల్లలు మన చేతికి తల్లి లేకుండా వస్తాయి. నాటుకోడి అయితే రెక్కల కింద వెచ్చగా పెట్టుకుంటుంది, పెంటకుప్ప కెలికి పురుగు చూపిస్తుంది. ఆ రెండు పనులూ మనమే చేయాలి.

చలికి ముడుచుకున్న పిల్ల మేత దగ్గరికి రాదు, కాబట్టి ముందు వేడి చూసుకోవాలి. పిల్లకు 2 వాట్ల లెక్కన 60 వాట్ల బల్బు వేలాడదీశాం. చుట్టూ అట్టలు కట్టి కింద వరి ఊక పరిచాం. మొదటి వారం 35 డిగ్రీల దాకా వేడి కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలను చూస్తే తెలిసిపోతుంది. బల్బు కింద గుంపుగా చేరితే చలి. దూరం జరిగి నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు.

దిగిన వెంటనే బెల్లం కలిపిన నీళ్లు పెట్టాను. తర్వాత పేపరు పరిచి దాని మీద సన్నటి మక్క రవ్వ చల్లాను. మర్నాటి నుంచి స్టార్టర్ దాణా, అంటే చిన్న పిల్లల కోసం దుకాణంలో అమ్మే దాణా. అందులో మాంసకృత్తులు 20 శాతం వరకు ఉండాలి, కొనేటప్పుడు సంచి మీద చూసుకోండి. మొదటి వారం పిల్ల రోజుకు 10 గ్రాములకు అటూఇటూ తింటుంది. ఖర్చు చూసి భయపడేంత ఏమీ కాదు.

మా అత్తమ్మకు మాత్రం ఇదంతా నచ్చలేదు. "మా కాలంల నూకలు జల్లితే అవే పెరిగినయ్ బిడ్డా, దుకాణం దాణా ఎందుకు?" అంది. ఆమె మాట అబద్ధం కాదు. అప్పట్లో పిల్లలు నూకలతో పాటు తల్లి వెంట తిరిగి చెదలు, పురుగులు ఏరుకు తినేవి. వాటికి బలం అక్కడి నుంచే వచ్చేది. ఆ మాట అనగానే అత్తమ్మే లేచి పాత కుండ తీసింది. పేడ, గడ్డి, ఎండిన కట్టె ముక్కలు కుక్కి, తడిపి, పుట్ట దగ్గర బోర్లించింది. తెల్లారి తీసి చూస్తే నిండా చెదలు. మూడో వారం నుంచి వాటిని దాణాకు తోడుగా వేశాం. పిల్లలు దాణా వదిలేసి వాటి మీద పడేవి. పైసా ఖర్చు లేని ఇంత మంచి మేత ఇంకొకటి నేను చూడలేదు.

నీళ్ల మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క అజొల్లా గురించి కూడా చాలా గొప్పగా చెబుతారు. మేమూ చిన్న గుంతలో పెంచాం. మంచిదే, కానీ పచ్చి అజొల్లాలో 90 శాతానికి పైగా నీళ్లే. దాన్ని నమ్ముకుని చిన్న పిల్లలకు దాణా తగ్గించవద్దని నా గట్టి అభిప్రాయం.

టీకాలు వేయించకపోతే ఈ మేతంతా వృథా. మారెక్స్ అనే వైరస్ రోగానికి టీకా హేచరీలోనే, అంటే పిల్లలను పొదిగించే చోటే, వేసి పంపుతారు. మొదటి వారంలో కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా, 14వ రోజుకు గంబోరో రోగానికి టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా వేయించాం. ఎనిమిదో వారం దాటాక పశువుల డాక్టరుగారు కొక్కెర తెగులుకే ఆర్‌టూబీ అనే ఇంకో టీకా వేశారు. ఊక తడవకుండా చూసుకోవడం కూడా అంతే ముఖ్యం. తడిస్తే రక్తపారుడు వస్తుంది, ఆ రోగం తగిలిన పిల్ల బతికినా ఎదగడంలో వెనకబడుతుంది.

వారానికోసారి వంటింటి తూకం మీద కొన్నింటిని తూచేదాన్ని. బలమైనవి నెట్టేయడంతో నాలుగైదు పిల్లలకు మేత దొరకడం లేదని అప్పుడే బయటపడింది. వాటిని వేరే గంప కింద పెట్టి మేపితే పది రోజుల్లో తేరుకున్నాయి. ఆరు వారాలకు చాలావరకు 600 గ్రాములకు అటూఇటూ తూగాయి.

అప్పుడు పెరట్లోకి వదిలాం. అక్కడి నుంచి దాణా ఇంట్లోనే కలిపాను. పది కిలోలకు మక్క రవ్వ, నూకలు కలిపి 5 కిలోలు, తవుడు రెండున్నర కిలోలు, సోయా చెక్క 2 కిలోలు, మినరల్ మిక్స్చర్ 300 గ్రాములు, మిగతాది ఎండిన మునగాకు పొడి. మాంసకృత్తులు 16 శాతం దగ్గర ఉంటాయి. తవుడు తాజాది కావాలి, ముక్కిపోతే కోళ్లు ముట్టవు. పల్లి చెక్క చవకగా వస్తుంది కానీ బూజు పట్టిందంటే విషమే, అందుకే నేను దాని జోలికి పోలేదు.

ఉదయం ఏమీ వేయకుండా వదిలితే బాగా తిరిగి ఏరుకుంటాయి. సాయంత్రం గూటికి వచ్చే వేళకు కోడికి 30 నుంచి 50 గ్రాములు వేస్తే చాలు. ప్రేమ కొద్దీ గింజలు గుమ్మరించకండి. వనరాజా పెట్ట ఆరు నెలలకు 2.2 నుంచి 2.5 కిలోల మధ్య ఉంటేనే గుడ్లు బాగా పెడుతుంది. అంతకు మించి లావెక్కితే గుడ్లు తగ్గుతాయి. మా పుంజులు పెట్టల మేత కూడా తినేస్తుంటే వాటిని ముందే అమ్మేశాం.

సున్నం సంగతి కూడా ఇంతే. ఎదిగే పెట్టలకు గుడ్ల కోళ్ల దాణా పెడితే అందులోని ఎక్కువ కాల్షియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. తొలి గుడ్డు కనిపించాకే ఆల్చిప్పల రవ్వ విడిగా ఒక చిప్పలో పెట్టాను. ఇంట్లో మిగిలిన గుడ్డు పెంకులను కూడా వేయించి, నలిపి అందులోనే వేస్తున్నాను. ఏ పెట్టకు ఎంత కావాలో అది తింటుంది.

కొత్త మక్కలు చేతికి రాగానే ఇంకో బ్యాచ్ తెద్దామని అత్తమ్మే అంటోంది. మక్కలు బాగా ఎండాక పట్టించి, అప్పుడు పిల్లలకు ఆర్డర్ ఇస్తాం.